అమ్ములూ, విరిగిందేమిటో చెప్పు

చి. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ముందుకన్నా నయం. పెరటి తలుపు గొళ్ళెం ఎట్టకేలకు మార్పించాను. ఈ ఉత్తరానికి ప్రత్యేకంగా కారణమేమీ లేదు. నువ్వు ఫోన్ తియ్యడం మానేశావు కాబట్టి రాస్తున్నానని అనుకోకు.

మొన్న బాబీ మీ అమ్మతో ఏదో గుసగుసలాడుతుంటే నా చెవిన పడింది. "అక్క ఇంజన్ విప్పింది, ఏదో విరిగిందట, నాన్నకి చెప్పొద్దంది" అంటున్నాడు. వాణ్ణి ఏమీ అనకు. వాడిది గుసగుసకి పనికొచ్చే గొంతు కాదు.

విరిగితే విరిగింది. తాతయ్య బండి అయితే మాత్రం, అదీ ఇనుమూ అల్యూమినియమేగా. దాని గురించి రాయబోవడం లేదు నేను. కళ్ళజోడు పవర్ మార్పించుకున్నావా? రాత్రిళ్ళు ఒంటి బల్బు కింద పని చేస్తున్నావని కూడా వాడే చెప్పాడు.

ఇంతకీ విరిగిందేమిటి? బోరు (అదే, సిలిండరు) మీది చల్లార్చే రెక్కా, పిస్టన్ రింగా, క్రాంకు తిరిగే అడుగు కేసా?

రెక్క అయితే అసలు టెన్షన్ పడకు. ఒక మూల ముక్క పోయినంత మాత్రాన ఇంజన్ కాలిపోదు. బోరు పోత ఇనుముది కదా, ఎవరు పడితే వాళ్ళతో వెల్డింగ్ పెట్టించకు, అంతే. ముందు బాగా వేడి చేసి, అతికాక నిదానంగా చల్లారనివ్వకపోతే పక్కనే ఇంకో పగులు వస్తుంది.

రింగు అయితే అది ఎవరి చేతిలోనైనా విరిగేదే. పిస్టన్ మీదికి ఎక్కించేటప్పుడు కాస్త ఎక్కువ విప్పదీస్తే చాలు, టక్కుమంటుంది. లేదా బోరు దించేటప్పుడు పోయి ఉంటుంది. టూ స్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, చూశావా? రింగు చివరలు దానికి అటూ ఇటూ కూర్చోవాలి. కూర్చున్నాయో లేదో చూడకుండా బోరు నొక్కితే విరగక ఏమవుతుంది? కొత్త సెట్టు వేసెయ్యి. కొత్తది కదా అని నేరుగా ఎక్కించకు. ఒట్టి బోరులో పెట్టి, పిస్టన్‌తోనే కొంచెం లోపలికి నెట్టి, చివరల మధ్య సందు ఫీలర్ గేజితో, అదే సందు కొలిచే పల్చటి రేకులతో, చూడు. బోరు 70 మిల్లీమీటర్లుంటే సందు సుమారు 0.28 మిల్లీమీటరు ఉండాలని పాత లెక్క. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వేదం. సందు మరీ తక్కువైతే వేడికి చివరలు ఢీకొని మళ్ళీ విరుగుతుంది, ఈసారి బోరుని కూడా గీసి మరీ పోతుంది.

క్లాసు పీకుతున్నానంటావు, ఆపేస్తాను. బాబీ పరీక్షలు అయిపోయాయి. మీ పెదనాన్న వచ్చి వెళ్ళారు.

ఆయన్ని చూస్తే గుర్తొచ్చింది. ఆయన అదే బండి కేసులో బోరుని బిగించే స్టడ్ (రెండు చివర్లా మరలున్న కడ్డీ) విరగ్గొట్టిన సంగతి నీకు సగమే తెలుసు. తుప్పుతో పట్టేసిన స్టడ్ అది. పానాకి పొడుగు పైపు తొడిగి ఒరిగారు. అంచుకి సమంగా తెగింది. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది, ముందే చుట్టూ కేసుని వేడి చేసి ఉంటే పట్టు వదిలేది. సరే, తెగాకైనా ఆగారా? సరిగ్గా మధ్యలో పంచి గుర్తు పెట్టకుండా డ్రిల్లు పెట్టారు. రంధ్రం పక్కకి పోయింది. అందులో ఈజీ అవుట్ (విరిగిన ముక్కని తిప్పి బయటికి తీసే పనిముట్టు) దించి తిప్పితే అదీ లోపలే విరిగింది. దాని ఉక్కు మామూలు బిట్టుకి లొంగదు. బిట్టు జారి మెత్తటి కేసులోకి దిగింది, గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. అక్కడితోనైనా తాతయ్యకి చెప్పొచ్చుగా! పుట్టీ నింపి, అందులో పొట్టి స్టడ్ నిలబెట్టి, పైన బోరు బిగించి, ఏమీ ఎరగనట్టు ఇంజన్ ఎక్కించేశారు. స్టార్టయింది కూడా. వేడెక్కేసరికి స్టడ్ పుట్టీతో సహా పైకి లేచి, కింద ప్యాకింగు దగ్గర బుస్సుమని మొదలైంది. తాతయ్య బండి దిగనైనా దిగలేదు, స్విచ్చి ఆపి, "మూడు స్టడ్‌ల మీద ఎన్నాళ్ళు తిరుగుదామనిరా?" అన్నారు. తిట్టింది అంతే. ఆ ముక్కని స్పార్క్ ఎరోజన్ మిషన్ మీద కరెంటు నిప్పురవ్వలతో కరిగించి తీసి, రంధ్రం పెద్దది చేసి, మరలున్న బుష్ వేయించేసరికి పెదనాన్న చిక్కి సగమయ్యారు.

మర పోయిందే అయితే హెలికాయిల్ (స్ప్రింగులా చుట్టిన తీగ మర) వేస్తే సరిపోతుంది, అదేమంత పని కాదు. 6 ఎం.ఎం. బోల్టుల్ని మాత్రం అల్యూమినియంలో 10 న్యూటన్ మీటర్లు దాటించకు. నీది మీ నాయనమ్మ మణికట్టు, తెలియకుండానే ఎక్కువ బిగిస్తావు.

నిజం చెప్పనా, నాకు కేసు గురించే బెంగ. రెండు చెక్కలూ విడిపోవడం లేదని సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తావా? విడిపోలేదంటే ముందు ఎక్కడైనా స్క్రూ మిగిలిందేమో చూడాలి. ఫోర్ స్ట్రోక్ అయితే ఆ స్క్రూడ్రైవర్ పెట్టిన గీతలోంచి నూనె కారుతుంది, తుడుచుకుంటాం. టూ స్ట్రోక్‌లో పెట్రోల్ వెళ్ళేదే ఆ కేసులోంచి. గీతలోంచి గాలి పీలిస్తే పెట్రోలూ, అందులో కలిపిన నూనే చాలక పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. నువ్వు రోడ్డు మీద వేగంలో ఉండగా వెనక చక్రం బిగుసుకుపోతుంది. అందుకే అడుగుతున్నాను, తాతయ్య బండి అని కాదు. లేచిన అంచు చిన్నదైతే నూనె రాయితో చదును చెయ్యి, లోతుగా ఉంటే లేతు వాళ్ళకి చూపించు. ఒక చెక్క పాడైందని ఇంకో ఇంజన్ చెక్క తెచ్చి జత కట్టకు. బేరింగ్ గూళ్ళు రెండు చెక్కలూ కలిపి తొలిచినవి, వేరేదానితో వరస కలవదు.

చేతికేమైనా తగిలిందా అని మీ అమ్మ అడగమంటోంది. కేసుని వేడి చేసేటప్పుడు పెట్రోలు తొట్టె ఆ గదిలోనే ఉండకూడదు.

విరిగిన ముక్కలన్నీ తెల్లగుడ్డ మీద పేర్చి, అంచులు కలిపి చూడు. ఒక్కటి తక్కువైనా అది కేసులోనే ఉందని లెక్క, క్రాంకు తిప్పకు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి బాబీకి పంపు. నాకు పంపక్కర్లేదు, వాడెలాగూ దాచలేడు.

నాన్న