కాకినాడ నుంచి వెళ్ళిన ఉత్తరం

బుజ్జీ,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు లేదు. పనిలో ఉంటావని తెలుసు, దాని గురించి అడగడానికి కాదులే ఈ ఉత్తరం. నిన్న గుంటూరు బ్రాడీపేట వెళ్ళొస్తుంటే 1868 సూర్యగ్రహణం గుర్తొచ్చింది, అది చెబుదామని.

బాపట్ల పిన్ని మాత్రం ఏదో అంది. మీ ల్యాబ్‌కి స్పెక్ట్రోమీటర్ ఇంకా రాలేదని, నువ్వు పీహెచ్‌డీ వదిలేసి ఉద్యోగం వెతుక్కుంటున్నావని. నేను నమ్మలేదు.

ఆ ఏడాది ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులోనే కదా గ్రహణం చూసింది. స్పెక్ట్రోస్కోపులో, అదే వెలుగును రంగుల గీతలుగా విడదీసే పరికరంలో, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల గీతలు అంత కాంతిగా కనిపించేసరికి, గ్రహణం లేకపోయినా ఇవి దొరుకుతాయి అనిపించి మర్నాడే స్పెక్ట్రోస్కోపు పెట్టి చూశాడు, దొరికాయి! పదిహేడు రోజులు అదే పనిగా చూశాడు. కానీ పారిస్ సైన్సు అకాడమీకి ఆ సంగతి రాసింది సెప్టెంబరు 19న, కాకినాడ నుంచి. నెల రోజులు ఆగాడు తల్లీ. అక్కడ ఇంగ్లండులో లాకియర్, యుద్ధశాఖలో గుమాస్తా, ఇదే ఆలోచన 1866 నుంచి మనసులో పెట్టుకుని, రాయల్ సొసైటీని డబ్బడిగి, పరికరం చేయడానికి ఇచ్చి, ఎదురుచూసి ఎదురుచూసి, అది చేతికందేసరికి 1868 అక్టోబరు 16. నాలుగు రోజుల్లో, 20న, గీతలు పట్టేశాడు, వెంటనే రాశాడు. రెండు ఉత్తరాలూ అక్టోబరు 26న అకాడమీలో ఒకే సమావేశానికి అందాయి. 1872లో ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేశారు. నాకు మాత్రం ఆ రెండేళ్ళ నిరీక్షణే పెద్ద విషయం. అతను ఆ పరికరం రాదులే అని వదిలేసి ఉంటే?

నిన్ను ఏమీ అనడం లేదు. కానీ పరికరం చేసేవాళ్ళకి వారం వారం రాయి, గైడ్‌కి కూడా కాపీ పెట్టు, నోటిమాటతో సరిపెట్టకు, తేదీలన్నీ ఒక పుస్తకంలో రాసుకో. అప్పటికీ రాకపోతే పక్క ల్యాబ్‌లో రాత్రిపూట వాడుకోనిస్తారేమో అడుగు, అడగడానికి మొహమాటమెందుకు. నిజంగా వదిలేయాలనే ఉంటే అదైనా నాకు నువ్వే చెప్పు, పిన్ని నోట వినడం బాధగా ఉంది.

గోంగూర పచ్చడి, కందిపొడి పంపాను. నూనె కారకుండా రెండు కవర్లు వేసింది అమ్మ. చలి మొదలైందట, చెవులకి టోపీ పెట్టుకో.

ఆదివారం మన టైము రాత్రి ఎనిమిదిలోపు ఫోన్ చెయ్యి. ఆ తర్వాతైతే అమ్మ నిద్రపోతుంది, నేను మేలుకునే ఉంటాను.

నాన్న