మడమ రక్తపు చుక్క ల్యాబ్‌కు చేరే దారి

సంపాదకులకు,

అయ్యా,

పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన కొద్ది చుక్కల రక్తంతో పదుల కొద్దీ జీవక్రియ లోపాలను ముందే పసిగట్టవచ్చునని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చెప్పిందంతా నిజమే గాని, వ్యాసం యంత్రం దగ్గర మొదలై యంత్రం దగ్గరే ముగిసింది. రక్తంలోనూ మూత్రంలోనూ అమైనో ఆమ్లాల మోతాదు కొలిచే ల్యాబ్‌లో సుమారు ముప్పై ఏళ్లు పనిచేసినవాడిగా, రక్తం ఆ యంత్రం దాకా చేరే దారి గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఒక వేసవిలో, ఫిట్స్ వస్తున్న నాలుగు నెలల బిడ్డ రక్తం మా దగ్గరకు వచ్చింది. ఉదయం ఎనిమిదింటికి తీసిన రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో పోసి, ఐసు లేకుండా, ఒక మనిషి చేతిసంచిలో పెట్టి బస్సులో పంపారు. అది మాకు అందేసరికి సాయంత్రం నాలుగైంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తే, లేత గడ్డి రంగులో ఉండవలసిన ప్లాస్మా ఎర్రగా ఉంది. డాక్టరుగారు పట్టుబట్టడంతో పరీక్ష చేశాం. అమైనో ఆమ్లాల్లో గ్లుటమేట్ విపరీతంగా పెరిగి, గ్లుటమిన్ తగ్గి, ఆర్జినిన్ దాదాపు మాయమై, ఆర్నిథిన్ ఎక్కువై కనిపించాయి. నిజానికి ఎర్ర రక్తకణాలు చిట్లితే వాటిలోని ఆర్జినేజ్ అనే ఎంజైము ట్యూబులోనే ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. వేడికి నిలవ ఉన్న రక్తంలో గ్లుటమిన్ విరిగి గ్లుటమేట్ అవుతుంది. బిడ్డను మళ్లీ పిలిపించి, రక్తం తీసిన అరగంటలోపే ప్లాస్మా వేరుచేసి, ప్రొటీన్లను సల్ఫోసాలిసిలిక్ ఆమ్లంతో తొలగించి కొలిస్తే ఆ నాలుగూ మామూలు హద్దుల్లోనే ఉన్నాయి. ఈలోగా ఆ తల్లిదండ్రులు రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపారు.

కాగితంపై ఆరబెట్టిన రక్తపు మచ్చలకు ఈ బెడద తక్కువే గాని, వాటి ఇబ్బందులు వాటికీ ఉన్నాయి. ఫిల్టర్ కార్డు మీది వలయాన్ని ఒకవైపు నుంచి ఒకే పెద్ద చుక్కతో నింపాలి. చాలలేదని పైన మరో చుక్క వేయకూడదు. మూడు మిల్లీమీటర్ల బిళ్లను కత్తిరించినప్పుడు అందులో సుమారు మూడు మైక్రోలీటర్ల రక్తం ఉంటుందన్న నమ్మకం మీదే లెక్కంతా నడుస్తుంది కనుక, చుక్క మీద చుక్క పడితే లేని జబ్బు ఉన్నట్లు రావచ్చు. కార్డును నీడలో, పడుకోబెట్టి మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. తడి ఆరకముందే ప్లాస్టిక్ కవరులో పెట్టి టేపు అంటించిన కార్డులు ఎన్ని చూశానో! రక్తం తీసే వేళా ముఖ్యమే. పాలు తాగడం మొదలుపెట్టాక, రెండో రోజు నిండి మూడో రోజు నడుస్తుండగా తీయడం మేలు. మరీ ముందుగా తీస్తే, ఈ జబ్బుల్లో ఒకదానిలో పేరుకుపోయే ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఇంకా పెరగకపోవచ్చు. కానీ మన ఆసుపత్రుల్లో మామూలు కాన్పయితే ఆ వేళకు తల్లీబిడ్డలు ఇంటిదారి పడుతుంటారు.

యంత్రం సంగతికి వస్తే, 1960ల తొలినాళ్లలో అమెరికాలో రాబర్ట్ గుత్రీ ఫినైల్ అలనిన్ పరీక్షను బాక్టీరియా పెరుగుదలను బట్టే చేసి చూపారు. నేను పని నేర్చుకున్నది మూర్, స్టైన్ శాస్త్రవేత్తలు రూపొందించిన కాలమ్ పద్ధతిలో, అంటే అమైనో ఆమ్లాలను ఒక గొట్టం గుండా పంపి విడదీసే పద్ధతిలో. అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే బయటికి వచ్చి నిన్‌హైడ్రిన్ అనే రసాయనంతో కలిసి ఊదా రంగు తేలేవి, ప్రోలిన్ మాత్రం పసుపు. ఒక్క శాంపిల్‌కు రెండు గంటల పైమాటే. ఇప్పటి టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ పనిని రెండు మూడు నిమిషాల్లో ముగిస్తుంది. అయితే అది బరువును బట్టి గుర్తిస్తుంది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, అల్లోఐసోల్యూసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల బరువూ ఒకటే కావడంతో వాటిని కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. ల్యూసిన్ వంటివి ఒంట్లో విరగక పేరుకుపోయే మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధిని ఖాయం చేసేది అల్లోఐసోల్యూసిన్; దాన్ని విడదీయాలంటే మళ్లీ కాలమ్ కావాలి. ఆ జబ్బున్న బిడ్డ చెవి గులిమిలో, మూత్రంలో మాడిన చక్కెర వాసన వస్తుంది. మెంతుల్లోనూ ఉండే సోటోలోన్ అనే పదార్థమే దానికి కారణం. కాన్పుకు ముందు తల్లి మెంతులు తిన్నా బిడ్డ దగ్గర అదే వాసన రావచ్చు కాబట్టి, ముక్కును నమ్ముకోవడానికి లేదు. ల్యూసిన్ పెరిగితే రోజుల్లోనే మెదడు వాస్తుంది. అందుకే చికిత్స వెంటనే మొదలుపెట్టి, ఖాయపరిచే పరీక్షకు అదే రోజు పంపాలి.

కొలమానాల గందరగోళం వేరే ఉంది. ఫినైల్ అలనిన్ పేరుకుపోయే ఫినైల్ కీటోన్యూరియా ఉన్న పాప తండ్రి ఒకసారి రెండు రిపోర్టులు పట్టుకుని వణుకుతూ వచ్చాడు. మొదటి ల్యాబ్ 20 అని, రెండోది 600 అని ఇచ్చాయి. మొదటిది డెసిలీటరుకు మిల్లీగ్రాములు, రెండోది లీటరుకు మైక్రోమోల్‌లు. 20 మిల్లీగ్రాములంటే సుమారు 1,210 మైక్రోమోల్‌లు. అంటే పథ్యం వల్ల పాపకు సగానికి తగ్గింది. ఆయన ముప్పై రెట్లు పెరిగిందనుకున్నాడు.

మేనరికాలు ఇంకా సాగుతున్న మన ప్రాంతంలో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం సంక్రమించే ఇలాంటి జబ్బులను అరుదైనవని పక్కన పెట్టలేం. 1980లోనే కర్ణాటకలో లక్షకు పైగా శిశువులను ఈ లోపాల కోసం పరీక్షించే పని మొదలైంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ప్రత్యేక ఆహారంతో అదుపులో ఉండే జబ్బుల కింద ఫినైల్ కీటోన్యూరియా, మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి రెండింటినీ చేర్చారు. ఆ సాయం అందాలంటే ముందు జబ్బు ఖాయం కావాలి కదా. కొత్త యంత్రాల కొనుగోలుతో పాటు నర్సులకు, ఏఎన్‌ఎంలకు కార్డు నింపడంలో శిక్షణ ఇవ్వాలి. పాడైన శాంపిల్‌ను తిప్పి పంపే అధికారం ల్యాబ్‌కు ఉండాలి. రిపోర్టులన్నీ మైక్రోమోల్‌లలోనే రావాలి. రక్తం ఎక్కించారా, ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ ఇస్తున్నారా అన్నదీ ఫారంలో రాయాలి. ఆ మందు గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెంచుతుంది.

మాకు వచ్చిన ఫారాల్లో తరచుగా ఖాళీగా ఉండేది ‘రక్తం తీసిన సమయం’ అనే గడి. అది నింపని శాంపిల్‌ను ఏ ల్యాబూ తీసుకోరాదని వైద్యారోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, అందుకు ఒక్క యంత్రమూ కొననక్కరలేదు.

ఇట్లు,
విశ్రాంత బయోకెమిస్ట్,
గుంటూరు