వార్షిక నివేదిక: విప్పే ముందు కొలవడం నేర్చుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

బోటు వెనుక బిగించే పాత ఔట్‌బోర్డ్ మోటార్లను కాపాడుకోవాలన్న కోరికతో మనం నడుపుకొంటున్న ఈ సంఘం ఏడాది పాటు చేసిన పనిని మీ ముందు ఉంచుతున్నాను. గత సర్వసభ్య సమావేశంలో చాలామంది ఒకే మాట చెప్పారు. ఇంజను చక్కగా ఉంది, పవర్ ట్రిమ్ పనిచేయకపోవడం వల్ల బోటు ఒడ్డునే ఉండిపోతోంది అన్నారు. అందుకే ఈ ఏడాది మరమ్మతు దినాలను దాదాపు పూర్తిగా హైడ్రాలిక్ ట్రిమ్‌కే కేటాయించాం. కార్బురేటర్ల తరగతి, ప్రొపెల్లర్ల తరగతి ఒక్కోసారే జరిగాయి. వాటి వివరాలు సమావేశపు పుస్తకంలో ఉన్నాయి.

కొత్తగా చేరినవారి కోసం ఈ వ్యవస్థ గురించి నాలుగు మాటలు. బోటు పరుగులో ఉన్నప్పుడు మోటారును కొద్ది డిగ్రీలు అటూ ఇటూ వంచి బోటు ముక్కు ఎత్తును సరిచేయడం ట్రిమ్. లోతు లేని నీళ్లలోనూ, బోటును ట్రెయిలర్ మీదికి ఎక్కించేటప్పుడూ మోటారును బాగా పైకి లేపడం టిల్ట్. రెండింటికీ బలం ఒకచోటి నుంచే వస్తుంది. 12 వోల్టుల చిన్న విద్యుత్ మోటారు ఒక గేర్ పంపును తిప్పుతుంది, పంపు ఆయిలును సిలిండర్‌లోకి తోస్తుంది. ఈ విద్యుత్ మోటారు ఒక దిక్కుకు తిరిగితే సిలిండర్‌లోని రాడ్ బయటకు వస్తుంది, రెండో దిక్కుకు తిరిగితే లోపలికి పోతుంది. మూడు రాడ్లున్న పెద్ద మోటార్లలో పొట్టివి రెండూ ట్రిమ్‌కు, నడుమనున్న పొడుగుది టిల్ట్‌కు. ఆ టిల్ట్ పిస్టన్‌లో స్ప్రింగుతో మూసుకుని ఉండే చిన్న వాల్వులు కూడా ఉంటాయి. నీటిలో కనబడని దుంగకు మోటారు అడుగుభాగం తగిలినప్పుడు అవి తెరుచుకుని ఆయిలుకు దారి ఇస్తాయి, మోటారు పైకి లేచి దెబ్బ తప్పించుకుంటుంది. పాడైన ట్రిమ్‌ను కడ్డీతో బిగించి నెట్టుకురావడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అలా బిగిస్తే ఆ దెబ్బ మొత్తం ట్రాన్సమ్, అంటే మోటారు బిగించిన బోటు వెనుక గోడ, భరించాలి.

ఇక ఈ ఏడాది మొదటి మరమ్మతు దినం సంగతి. అది మన పొరపాటు, కాబట్టి దాచకుండా చెబుతున్నాను. ఒక సభ్యుని మోటారును సాయంత్రం పైకి లేపి ఉంచితే తెల్లవారేసరికి దిగిపోతోంది. సిలిండర్ సీళ్లు పోయాయని చూడగానే తీర్మానించేశాం. టిల్ట్ సిలిండర్ మూత ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఊడదీయడానికే రెండు ఆదివారాలు పట్టింది. సరైన పిన్ స్పానర్ లేక ఉలితో కొట్టడంతో మూత మీది రంధ్రాలు చెడిపోయాయి. సీళ్లు మార్చాం, ఆయిలు పోశాం, అంతా బిగించాం. మర్నాటికి మోటారు మళ్లీ దిగిపోయింది. అప్పుడుగానీ మాన్యువల్ రిలీజ్ వాల్వు మీద, అంటే ఆయిలు ఒత్తిడి వదిలి మోటారును చేత్తో దించుకోవడానికి ఉండే వాల్వు మీద, ఎవరికీ చూపు పోలేదు. స్క్రూడ్రైవరుతో తిప్పి బయటకు తీసి చూస్తే దాని ఓ-రింగ్ (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు వలయం) ఒకచోట తెగి ఉంది. చేతిలో పట్టేంత చిన్న వస్తువు, పది నిమిషాల పని.

ఆ రోజు నుంచి సంఘంలో ఒక క్రమం పెట్టుకున్నాం. పాన పట్టే ముందు మీటరు పట్టాలి. ఇప్పుడు ఏ మోటారు వచ్చినా మొదట బ్యాటరీ వోల్టేజీ చూస్తున్నాం, తర్వాత స్విచ్ నొక్కి ఉంచి ట్రిమ్ మోటారు తీగల దగ్గర వోల్టేజీ చూస్తున్నాం. చాలా మోటార్లలో పైకి లేపే తీగ నీలం, దించే తీగ ఆకుపచ్చ. తీగల దాకా పూర్తి వోల్టేజీ వస్తున్నా ట్రిమ్ మోటారు కదలకపోతే లోపం ఆ మోటారులోనే ఉంది: బ్రష్షులు అరిగిపోవడమో, లోపలికి నీరు చేరి తుప్పు పట్టడమో. వోల్టేజీ రాకపోతే రిలేలు (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో మోటారుకు పెద్ద కరెంటును కలిపేవి), కనెక్టర్లు, ఎర్త్ తీగ చూడాలి.

రిలేల గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తడబడింది ఇక్కడే. రెండు తీగల ట్రిమ్ మోటారులో పైకి ఒక రిలే, కిందికి ఒక రిలే ఉంటాయి. పైకి నొక్కినప్పుడు కరెంటు పై రిలే గుండా మోటారులోకి పోయి, కింది రిలేలోని ఎర్త్ కాంటాక్టు గుండా తిరిగి వస్తుంది. కాబట్టి ఔట్‌బోర్డ్ పైకి లేవకపోతే తప్పు కింది రిలేది కూడా కావచ్చు. రెండూ ఒకే రకమైనవైతే వాటి స్థానాలు మార్చి చూడండి. ఇంతకుముందు లేవని ఔట్‌బోర్డ్ ఇప్పుడు లేచి, దిగడం మానేస్తే లోపం రిలేలలోనే ఉంది. మూడు తీగల పాత ట్రిమ్ మోటార్లలో ఈ అమరిక వేరు. అక్కడ రెండు దిక్కులకూ వేర్వేరు ఫీల్డ్ చుట్లు (అయస్కాంత బలాన్నిచ్చే తీగ చుట్లు) ఉంటాయి, కాబట్టి ఒక దిక్కు మాత్రమే పనిచేయకపోతే ఆ చుట్టును కూడా పరీక్షించాలి.

మోటారు తిరుగుతున్నా ఔట్‌బోర్డ్ లేవడం లేదంటే చెవి పెట్టి వినమని మన పెద్ద సభ్యులొకరు నేర్పారు. భారం లేకుండా సన్నగా గిర్రుమంటూ తిరిగితే ఆయిలు తగ్గి ఉంటుంది, లేదా రిలీజ్ వాల్వు తెరిచి ఉంటుంది. మూలుగుతూ ఆగిపోతుంటే పిన్నులో, బుష్షులో పట్టేసి ఉంటాయి. ఈ ఏడాది ఈ ఒక్క పాఠమే చాలా సిలిండర్లను విప్పకుండా కాపాడింది.

ఆయిలు చూడటానికి మోటారును పూర్తిగా పైకి లేపి, టిల్ట్ లాక్ (లేపిన మోటారు దిగిపోకుండా ఆపే అడ్డు) వేసి, అప్పుడే ఆయిలు మూత తీయాలి. రాడ్లు లోపల ఉన్నప్పుడు చూస్తే మట్టం తప్పుగా కనిపిస్తుంది. ఏ ఆయిలు పోయాలన్నది తయారీదారు పుస్తకమే చెప్పాలి. కొన్నింటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, కొన్నింటికి ప్రత్యేక ట్రిమ్ ఫ్లూయిడ్, కొన్ని పాతవాటికి ఇంజనాయిలు. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసింది. సాధారణంగా రాడ్ చుట్టూ ఉండే వైపర్ సీలు దగ్గరో, ఆయిలు మూత ఓ-రింగ్ దగ్గరో లోపలికి వస్తుంది. అది ఎక్కడో కనిపెట్టకుండా ఆయిలు మాత్రం మారిస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే రంగు చూస్తారు. కొత్త ఆయిలు పోశాక మోటారును నాలుగైదు సార్లు పైకీ కిందికీ నడిపి, మధ్యలో కొంతసేపు ఆగి, మట్టం తగ్గినప్పుడల్లా నింపాలి. లోపలి గాలి బయటికి పోయేదాకా రాడ్ కదలిక మెత్తగా, కుదుపుతో ఉంటుంది.

రాడ్ మీద గుంటలు పడి ఉంటే కొత్త సీలు వేసినా నిలవదు, ఆ గుంటలే దాన్ని కోసేస్తాయి. అందుకే బ్రాకెట్ అడుగున ఉండే యానోడ్‌ను (మిగతా లోహానికి బదులు తాను కరిగి దాన్ని తుప్పు నుంచి కాపాడే లోహపు ముక్కను) మరచిపోవద్దని ప్రతి దినంలోనూ చెబుతున్నాం. సగానికి పైగా కరిగిపోయిందంటే మార్చేయండి. దాని మీద పెయింటు వేయకండి, వేస్తే అది పనిచేయదు.

విడిభాగాల విషయంలో మనకు ఎక్కువ కష్టం ఎదురైంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లను తయారుచేసిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ పేర్లను తరువాతి ఏడాది బొంబార్డియర్ కొనుక్కుంది. ఎవిన్‌రూడ్ తయారీ కూడా 2020లో ఆగిపోయింది. ఇతర కంపెనీల పాత మోటార్లకూ ఇక్కట్లు లేకపోలేదు. ఒకే మోడల్ మోటారుకు కొన్నిసార్లు ప్రెస్టొలైట్ పంపు, కొన్నిసార్లు ఆయిల్‌డైన్ పంపు, కొన్నిసార్లు షోవా పంపు బిగించి ఉంటుంది. ఇంజను సంవత్సరం చూసి సీళ్ల కిట్టు తెప్పించుకున్న సభ్యుడు అది తన పంపుకు సరిపోక తిప్పి పంపవలసి వచ్చింది. ముందుగా పంపు ఆకారం, దాని మీది గుర్తులు ఫోటో తీసి, ఆ తర్వాతే భాగాల కోసం వెతకండి. ఎవరి మోటారుకు ఏ పంపు ఉందో రాసిపెట్టే నోటుపుస్తకం ఇప్పుడు మన పనిముట్ల పెట్టెలో ఉంది. అందులో మీ వివరాలు రాయడానికి రెండు నిమిషాలు చాలు, కానీ మీ తర్వాత వచ్చేవారికి అది ఎంతో మేలు.

సంఘం నిధి నుంచి సరైన పిన్ స్పానర్, మంచి మల్టీమీటరు కొన్నాం. మూత ఊడదీసే ముందు మూతను మెల్లగా వేడి చేయడం, తుప్పు వదిలించే ఆయిలు పోసి రాత్రంతా నానబెట్టడం ఇప్పుడు మన పద్ధతి. ఉలి పెట్టెలోంచి తీసేశాం. జమాఖర్చుల పత్రం ఈ నివేదికకు విడిగా జతచేశాం.

భద్రత విషయంలో ఒక సంఘటన చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒక మరమ్మతు దినాన మోటారు పైకి లేచి ఉండగా, లాక్ వేయకుండానే ఒకరు రిలీజ్ వాల్వు తిప్పారు. మోటారు ఒక్కసారిగా పడిపోయింది. అప్పుడే చేయి వెనక్కి తీసుకున్న మరో సభ్యునికి ఏమీ కాలేదు. పెద్ద వి6 మోటారు బరువు 150 కిలోలకు పైగానే ఉంటుంది. ఆ రోజు పర్యవేక్షణ బాధ్యత నాది, ఆ లోపానికి సభ్యులందరికీ క్షమాపణ చెబుతున్నాను. అప్పటి నుంచి టిల్ట్ లాక్‌తో పాటు గొలుసు కప్పీతో మోటారును పట్టి ఉంచితే తప్ప ఎవరూ వాల్వు మీద చేయి వేయకూడదన్న నియమం పెట్టాం. సిలిండర్ విప్పేటప్పుడు ఒత్తిడి పోయిందో లేదో ఇద్దరు విడివిడిగా చూస్తున్నారు. ఈ నియమం దగ్గర ఎవరికీ మినహాయింపు లేదు.

తీసిన పాత ఆయిలును మూత ఉన్న డబ్బాల్లో సేకరించి, తిరిగి శుద్ధిచేసేవారికి అందజేశాం. మనం బోటు నడిపే నీళ్లలోకి ఒక్క చుక్క కూడా పోకుండా చూసుకున్న యువ సభ్యులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాది పీడనం కొలిచే గేజీ సమకూర్చుకోవాలని కార్యవర్గం అనుకుంటోంది. పంపు బలహీనపడిందో, సిలిండర్ లోపల కారుతోందో దానితో విడదీసి చెప్పవచ్చు. బ్రష్షులు మార్చడం నేర్పగలవారు ఇద్దరు ముందుకు రావాలి. ట్రిమ్ కోణాన్ని గేజీకి పంపే సెండర్ల మీద ఒక పూట తరగతి కూడా ఉంటుంది.

మొదటి మరమ్మతు దినానికి వచ్చే ముందు మీ మోటారును సాయంత్రం ట్రిమ్‌తో పైకి లేపి, కిందికి ఎవరూ వెళ్లకుండా చూసి, బ్రాకెట్ మీద పెన్సిలుతో గీత గీయండి. తెల్లవారాక ఎంత దిగిందో కొలిచి, ఆ కొలత, పంపు ఫోటో రెండూ వెంట తీసుకురండి. పని ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడి నుంచి చూద్దాం.

మీ
కార్యదర్శి