డబ్బు రావడానికి పిన్ ఎందుకు?

సంపాదకుడికి,

ఇంట్లో పాత వస్తువు అమ్ముకుందామనుకునేవాళ్ళని, కొంటామని వచ్చి దోచుకుంటున్నారు. కొనేటప్పుడు జాగ్రత్త అని చిన్నప్పటి నుంచి విన్నాం గానీ, అమ్మేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలని మాకెవరూ చెప్పలేదు.

మా చెల్లెలు ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. కొత్త మిషన్ కొనుక్కుని, మోటారున్న పాత మిషన్‌ని 9,000 రూపాయలకి ఆన్‌లైన్‌లో పెట్టింది. పెట్టిన పావుగంటకే హిందీలో ఫోన్. తను ఆర్మీలో ఉన్నాననీ, విశాఖకి బదిలీ అయిందనీ, భార్యకి మిషన్ కావాలనీ చెప్పాడు. మనిషిని పంపి తెప్పించుకుంటా, డబ్బు ముందే వేస్తానన్నాడు. యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు వాట్సాప్‌లో పంపాడు. ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. మాది తాడేపల్లిగూడెం. ఈ పక్కనే ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా కొడుకుల్ని సైన్యానికి పంపిన ఊరది. సైనికుడని చెబితే మాకు అనుమానం ఎలా వస్తుంది?

"ఆర్మీ ఖాతా కదా మేడమ్, ముందు చెకింగ్ ఉంటుంది" అని ఒక క్యూఆర్ కోడ్ పంపి 5 రూపాయలు కొట్టమన్నాడు. కొట్టగానే 10 తిరిగొచ్చాయి. ఆ 10 రూపాయలే కొంప ముంచాయి. తర్వాత 9,000కి ఇంకో కోడ్ వచ్చింది. ఫోన్ పెట్టేయనివ్వలేదు. స్పీకర్‌లో "పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడిపోతుంది" అని తొందరపెడుతూనే ఉన్నాడు. కొట్టింది. 9,000 పోయాయి. "అయ్యో, తప్పు పడింది, మళ్ళీ కొడితే రెండూ కలిపి వచ్చేస్తాయి" అన్నాడు. ఆ టెన్షన్‌లో మళ్ళీ కొట్టింది. 18,000 పోయాక ఫోన్ స్విచాఫ్.

తర్వాత ఆ పిన్ పేజీని నేను దగ్గర పెట్టుకుని చూశాను. మీ ఖాతా నుంచి డబ్బు వెళ్తోందని అందులో ఉంది. చిన్న అక్షరాల్లో, మా ఫోన్‌లో ఇంగ్లీషులో. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయడమూ అక్కర్లేదు. కొనేవాడు చెప్పాడని పిన్ కొట్టామంటే మన డబ్బు పోవడమే. ఈ ఒక్క మాట తెలుగులో, పెద్ద అక్షరాల్లో, అంకెలు నొక్కే చోట పైనే కనిపించి ఉంటే మా చెల్లెలి వేలు ఆగేది.

ఇది కొత్త మోసమేమీ కాదు. 2022లో రిజర్వు బ్యాంకు వేసిన అవగాహన పుస్తకంలోనే, రక్షణ సిబ్బందిమని చెప్పి అమ్మేవాళ్ళని ముంచుతున్నారని ఉంది. అది మా చెల్లెలి దాకా రాలేదు. ఒక మనిషి ఇంకో మనిషిని యాప్‌లో డబ్బు అడిగే రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి ఆపేశారు, మంచిదే. కానీ క్యూఆర్ కోడ్ దారి తెరిచే ఉంది. డబ్బు పడినట్టు దొంగ మెసేజ్ పంపి, "పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది తిప్పి పంపండి" అని ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. మెసేజ్ చూసి నమ్మకుండా ఖాతాలో బ్యాలెన్స్ చూసుకోవాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇంకోటి. మా చెల్లెలు రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మా మరిది తిడతాడని భయం, చదువుకుని కూడా ఇలా చేశావా అంటారని సిగ్గు. నాకు చెప్పేటప్పుడు కూడా తలుపు వేసి చెప్పింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే, ఆ డబ్బు దొంగ ఖాతా దాటకముందే బ్యాంకు ఆపే అవకాశం ఉండేది. రెండు రోజుల తర్వాత చేస్తే ఏం మిగులుతుంది? దయచేసి ఇంట్లో ఎవరైనా ఇలా మోసపోతే ముందు ఫోన్ చేయించండి, తిట్లు తర్వాత.

బ్యాంకులు పిన్ పేజీలో ఆ హెచ్చరికని తెలుగులో పెట్టాలి. వస్తువులు అమ్మిపెట్టే యాప్‌లు, మొదటిసారి ప్రకటన పెట్టేవాళ్ళకి కొనేవాడి ఫోన్ రాకముందే ఈ మాట చెప్పాలి. మిమ్మల్ని నేను అడిగేది చిన్న పని. మీ క్లాసిఫైడ్స్ పేజీలో రోజూ ఒక మూల, 1930 నంబరూ, "డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు" అన్న మాటా వేయండి.

— ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం