ఇంట్లో పుట్టిన బిడ్డకూ కాగితం కావాలి

సంపాదకులకు,

వానాకాలంలో గెడ్డలు పొంగితే పాడేరు ఏజెన్సీలోని కొండ మీది ఊళ్లకు అంబులెన్సు రాదు. డోలీ కట్టేలోపే ఇంట్లో కాన్పు అయిపోతుంది. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే చాలనుకుంటారు, జనన నమోదు ఎవరికీ గుర్తురాదు. ఆసుపత్రిలో పుడితే ఆ పని ఆసుపత్రే చూస్తుంది. ఇంట్లో పుడితే, 1969 నాటి చట్టం ప్రకారం, ఇంటి పెద్దే తెలియజేయాలి. 21 రోజుల్లోపు అయితే రుసుము లేదు. పేరు పెట్టకపోయినా నమోదు చేస్తారు, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. ఇది తెలియక, బారసాల అయ్యాక చూద్దాంలే అని ఆగిపోయేవాళ్లు ఎందరో! ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతారు? పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరాలన్నా, రేపు ఓటు కావాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం.

బాలింతను చూడడానికి ఆశా కార్యకర్త ఎలాగూ ఆ ఇంటికి వెళ్తుంది. నమోదు ఫారం ఆమెతోనే పంపి, అక్కడే నింపించి పంచాయతీ కార్యదర్శికి చేర్చే ఏర్పాటు చేయాలి. ఆ పనికి ఆమెకు విడిగా డబ్బు ఇవ్వాలి, ఊరికే చేయమనడం న్యాయం కాదు.

– ఒక అంగన్‌వాడీ కార్యకర్త, అల్లూరి సీతారామరాజు జిల్లా