మీ నాన్నగారి పిండిమర, మా చిప్పులు

హైదరాబాద్

ఒరేయ్ సూర్యం,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి సరిగ్గా చెప్పలేకపోయాను. క్యాబ్‌లో ఉన్నాను, పక్కనే మా మేనేజరు. "నీ పాత కంపెనీకీ కొత్త కంపెనీకీ ఉప్పూ నిప్పూ అంటావు, మళ్ళీ ఇద్దరి చిప్పులూ తైవాన్‌లో ఒకచోటే చేయిస్తారంటావు. ఇదేం పోటీరా?" అన్నావు. రాత్రి పడుకున్నాక తట్టింది, దీనికి జవాబు మీ ఇంటి ముందే ఉంది కదా అని.

మీ నాన్నగారి పిండిమర గుర్తు తెచ్చుకో. మిరపకాయల రోజుల్లో మీ సందు మొదట్లోనే తుమ్ములు మొదలయ్యేవి. బజారులో కారం అమ్మే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు, కానీ ఇద్దరి డబ్బాలూ మీ అరుగు మీద పక్కపక్కనే ఉండేవి. ఒకాయన మెంతులెన్ని వేస్తాడో, రెండో ఆయన ధనియాలెన్ని కలుపుతాడో మీ నాన్నగారికి తెలుసు. ఒకరి పాళ్ళు ఇంకొకరి చెవిన పడలేదు. మీ అమ్మగారు మనమే ప్యాకెట్లు కట్టి అమ్ముదామంటే, "ఆ మర్నాటి నుంచి మర ఎక్కేవాడుండడు" అన్నారట. నువ్వే చెప్పావు.

మా చిప్పులు చేసే ఆ తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అమెరికా చిప్పుల కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో 25 ఏళ్ళు చేసిన మోరిస్ చాంగ్ 1987లో తైవాన్‌లో పెట్టాడు. సొంత చిప్పు ఒక్కటీ అమ్మం, మీవి చేసి పెడతాం అన్నాడు. అప్పట్లో అందరికీ అది చిన్నచూపే. ఫ్యాక్టరీ ఉన్నవాడే మగాడు అని ఇంకో అమెరికా చిప్పుల కంపెనీ ఏఎండీ అధిపతి జెర్రీ సాండర్స్ గొప్పగా చెప్పుకునేవాడు. అదే ఏఎండీ 2009లో తన ఫ్యాక్టరీలు వదిలించుకుంది. వాటితో పుట్టిన గ్లోబల్‌ఫౌండ్రీస్ 2018లో, 7 నానోమీటర్లనే ఇంకా సన్నని తరం చిప్పుల పని మావల్ల కాదని చేతులెత్తేసింది. ఇప్పుడు ఏఎండీ, దాని పోటీదారు ఎన్విడియా టీఎస్‌ఎంసీ అనే ఒకే అరుగు మీద డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాయి. (వాటి అధిపతులు లిసా సూ, జెన్సెన్ హువాంగ్ ఇద్దరూ తైవాన్‌లో పుట్టినవాళ్ళే, దూరపు చుట్టాలు కూడా. మన ఊరి కథలాగే లేదూ?)

ఆపిల్ సంగతి ఇంకా బాగుంటుంది. ఐఫోన్ చిప్పులు మొదట్లో శామ్‌సంగ్ చేసిచ్చేది. అంటే మర ఆడించేవాడే పక్కన కారం కొట్టు కూడా పెట్టుకున్నాడన్నమాట. 2011లో ఇద్దరూ కోర్టుకెక్కారు, 2014 నుంచి ఆపిల్ తన డబ్బాలు తైవాన్‌కి మార్చడం మొదలుపెట్టింది.

ఇక మీ మర చెడితే గుంటూరు నుంచి ఒక మెకానిక్ వచ్చేవాడు చూడు, ఆయన వచ్చేదాకా ఊరంతా కారానికి ఆగాల్సిందే. ఇక్కడ ఆ మెకానిక్ నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ కంపెనీ. చిప్పు మీద అన్నిటికంటే సన్నని గీతలు వెలుగుతో గీసే ఈయూవీ యంత్రం ప్రపంచంలో వాళ్ళొక్కరే చేస్తారు. తగరం చుక్కలు సెకనుకు 50 వేలు జారుతుంటాయి. ఒక్కో చుక్కకి లేజర్ దెబ్బలు రెండు. మొదటి దెబ్బకి అట్టులా పరుచుకుంటుంది, రెండో దానికి ఆవిరై వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగుతో గీస్తారు. అందులో అద్దాలు జర్మనీ కంపెనీ జైస్‌వి, లేజర్ అక్కడిదే ట్రంఫ్ అనే కంపెనీది. జపాన్ కంపెనీలు నికాన్, కానన్ ఆ దారి వదిలేశాయి. 2012లో ఇంటెల్, శామ్‌సంగ్, టీఎస్‌ఎంసీ మూడూ తమలో తాము కొట్టుకుంటూనే ఏఎస్‌ఎంఎల్‌లో డబ్బు పెట్టాయి, మెకానిక్ బతికుంటే చాలని.

అందుకే పనితనంతో వచ్చిన టీఎస్‌ఎంసీ, ఏఎస్‌ఎంఎల్‌ల గుత్తాధిపత్యాన్ని గూగుల్‌తో ఒకే గాటన కట్టలేను. గూగుల్ సెర్చ్ బాగుంటుంది, కాదనను. కానీ ఐఫోన్‌లో తనే ముందుండాలని ఆపిల్‌కి 2022 ఒక్క ఏడాదిలో 2000 కోట్ల డాలర్లు కట్టింది. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా అది చట్టవిరుద్ధం అన్నాడు. ఆ కేసులో గూగుల్ మీద సాక్ష్యం చెప్పింది మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ నాదెళ్ళ. 1998లో ఇలాంటి కేసులోనే బోనెక్కింది ఆయన మైక్రోసాఫ్టే, ఆ నవ్వొచ్చే ముక్క పక్కన పెట్టు.

అలాగని మా అరుగు మీద సుఖంగా ఉన్నామనుకోకు. డిజైన్ పూర్తిచేసి ఫ్యాక్టరీకి పంపడాన్ని టేపవుట్ అంటాం. పాత కంపెనీలో ఒకసారి టేపవుట్ అయిన రాత్రి సమోసాలు తిని, ఫోటోలు దిగి ఇళ్ళకెళ్ళాం. తొమ్మిదో రోజు నేను చేసిన భాగంలోనే తప్పు బయటపడింది, ఒక సిగ్నల్ చిప్పు గడియారంలో ఒక టిక్కు ఆలస్యంగా వస్తోంది. నాకు చెమటలు. చిప్పు మీద గీతలు అచ్చువేసే మూసలు, అంటే మాస్కులు, మళ్ళీ చేయించాలి, క్యూలో మళ్ళీ నిలబడాలి. ఆ గదిలో పదహారు మందిమి ఉన్నాం, ఇంకో ఫ్యాక్టరీ చూద్దామన్న మాట ఒక్కరి నోటా రాలేదు. డిజైన్ ఎలా ఉండాలన్న రూళ్ళు ఒక్కో ఫ్యాక్టరీవి ఒక్కో రకం. మారితే లేఅవుట్, అంటే చిప్పు మీద ఏది ఎక్కడో గీసే పని, మొదటికొస్తుంది. వాళ్ళు చెప్పిన రేటు, వాళ్ళు చెప్పిన తేదీ. తల ఊపి బయటికొచ్చాం.

ఆ రోజు నుంచీ నిన్నొకటి అడగాలని ఉంది. చెరువుగట్టు మర మూతపడ్డాక మీ నాన్నగారు కిలోకి ఎంత పెంచారు? నిజం చెప్పు, మా అమ్మకి చెప్పన్లే.

నీ
రవి