రోమ్ వెళ్లే ముందు ఇది చదువు, తల్లీ

రాజమండ్రి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

అక్టోబరులో నువ్వూ నీ స్నేహితురాలూ రోమ్ వెళ్తున్నారని తెలిసినప్పటి నుంచి మీ అమ్మ ఒకటే పోరు, "రోమ్‌లో మనం పడ్డ అవస్థలన్నీ దానికి రాసి పంపండి" అని. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మొదటి దెబ్బ సిటీ బస్సులో తగిలింది. బస్సు టికెట్లు అక్కడ సిగరెట్ల కొట్లో అమ్ముతారు, బయట పెద్ద 'టి' అక్షరం బోర్డు ఉంటుంది. ఒక్కోటి ఒకటిన్నర యూరో, 100 నిమిషాలు చెల్లుతుంది. రెండు కొని, జేబులో భద్రంగా పెట్టుకుని కూర్చున్నాం. నాలుగు స్టాపులు దాటాక తనిఖీ వాళ్లు ఎక్కారు. టికెట్ చూపించాను. తిప్పి చూసి తల అడ్డంగా ఊపారు. బస్సు ఎక్కగానే లోపలున్న మిషన్‌లో పెట్టి టైము ముద్ర వేయించుకోవాలట, అది లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. మన దగ్గర కండక్టరే మనిషి దగ్గరికొచ్చి చించి ఇస్తాడు, ఆ అలవాటులో నాకు తట్టనే లేదు. ఇద్దరికీ కలిపి 100 యూరోల పైన ఫైను కట్టాను. ఆ రాత్రి మీ అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నువ్వు బ్యాంకు కార్డునే మిషన్‌కి తాకించి ఎక్కొచ్చు, కానీ ఇద్దరూ ఎవరి కార్డు వాళ్లే తాకించండి.

తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. పూర్తిగా శాకాహారమేనని అడిగి మరీ పువ్వుల బజ్జీలు తెప్పించుకున్నాం. గుమ్మడిపువ్వు లాంటి పువ్వు, లోపల జున్ను కూరి నూనెలో వేయిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. మీ అమ్మ సగం కొరికాక, తెల్లటి జున్ను మధ్యలో గోధుమరంగు పీచులాంటిది కనిపించింది. ఉప్పు చేప ముక్క. పాపం, అరవై ఏళ్లలో ఎన్నడూ నోట పెట్టని మనిషి. ప్లేటు పక్కకు జరిపి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్లలో చాలామందికి చేప మాంసం కింద లెక్క కాదు. అందుకని "నియెంతె కార్నె, నియెంతె పెషె" అని రెండూ చెప్పు, మాంసమూ వద్దు, చేపా వద్దు అని. మారినారా పిజ్జా పేరు వింటే సముద్రం గుర్తొస్తుంది గానీ అందులో ఉండేది టమాటా, వెల్లుల్లి, నూనె, వాము వాసన వచ్చే ఆకు, అంతే. చివరి మూడు రోజులు మీ అమ్మని నిలబెట్టింది అదే.

కాఫీ హోటల్లో 'లాతే' అని అడగకు, గ్లాసుడు పాలు ఇస్తారు. పాలు కలిపింది కావాలంటే కపుచ్చినో అను. నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే దానికి రెండు మూడింతలు. కూర్చునే ముందే అడుగు.

పెద్ద సూట్‌కేసు వద్దు. పాత ఊరి వీధులు చాలావరకు నల్లరాతి దిమ్మలు పరిచినవి, సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది. మాది రెండో రోజే విరిగింది. ఎత్తు మడమల చెప్పులు ఇంట్లోనే వదిలెయ్. చున్నీ మాత్రం ఎప్పుడూ సంచిలో ఉండాలి, చర్చిల్లో భుజాలూ మోకాళ్లూ కప్పుకోకపోతే లోపలికి రానివ్వరు. స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులో ఒకరి మీద ఒకరు పడేంత రద్దీ, జేబుదొంగలకు పేరు పడ్డ బస్సు. ఫోనూ పాస్‌పోర్టూ ఒంటికి ముందువైపు పెట్టుకో. కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టుతో సరిపోవాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన సంగతి. నీళ్లు కొనకు. వీధి వీధికీ ఇనప స్తంభం లాంటి కుళాయి ఉంటుంది, ముక్కులా వంగిన గొట్టం లోంచి నీళ్లు రాత్రింబవళ్లు పారుతూనే ఉంటాయి. 'నాసోనె' అంటారు, పెద్ద ముక్కు అని. 1874లో పెట్టడం మొదలుపెట్టారు, ఊరంతా రెండు వేలకు పైగా ఉన్నాయి. నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. మొదటి రోజు నేను కింద దోసిలి పట్టి తాగి చొక్కా తడుపుకున్నాను. పక్కనే ఒక స్కూలు పిల్లాడు వేలితో గొట్టం మూతి మూశాడు. గొట్టం పైనున్న చిన్న రంధ్రం లోంచి నీళ్లు విల్లులా పైకి లేచాయి. వాడు వంగి హాయిగా తాగి వెళ్లిపోయాడు. నువ్వూ అలాగే తాగు.

గోదావరి కాలువల మీద ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి కదా, ట్రెవీ ఫౌంటెన్ దగ్గర అందరూ నాణేలు వేస్తుంటే నేను నీళ్లే చూస్తూ నిలబడ్డాను. క్రీస్తుపూర్వం 19లో రోమన్ సేనాని అగ్రిప్ప తవ్వించిన కాలువ నీళ్లవి. ఆ కాలువలో నీళ్లు వాలు మీదే పారి వస్తాయి. ఎన్నోసార్లు బాగు చేసుకుంటూ ఇప్పటిదాకా పారిస్తున్నారు. పొద్దున్నే, ఏడింటికల్లా వెళ్లు, జనం తక్కువ.

అక్కడి నుంచి పాంథియన్‌కి, అంటే పాత రోమన్ల గుడికి, నడిచి పోవచ్చు. లోపలికి టికెట్ ఉంటుంది, తప్పక కొను. హాడ్రియన్ చక్రవర్తి కాలపు గుమ్మటం, 43 మీటర్ల పైచిలుకు వెడల్పు, నేల నుంచి ఎత్తూ అంతే. ఇనుప చువ్వ ఒక్కటి లేని కాంక్రీటు! కింద బరువైన రాయి కలిపి, పైకి పోయేకొద్దీ తేలిక రాయి వేశారు. నడినెత్తిన పెద్ద రంధ్రం, దానికి మూత లేదు. వాన పడితే లోపలికే పడుతుంది. నేల మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా కట్టి, నీళ్లు పోవడానికి చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. మేము వెళ్లిన రోజు ఎండ కాసింది. అక్టోబరులో అక్కడ వానలు ఎక్కువే. నీకు గనక వాన దొరికితే గొడుగు మూసి లోపలికి వెళ్లి, నీళ్లు ఎంతసేపట్లో దిగిపోతున్నాయో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
నాన్న